కొబ్బరి తోటలోంచి గోల్ఫ్ కోర్సుకి దారి ఉందా?

పోయిన నెల ఈ పేజీలో ఒక జవాబు మధ్యలో అదితి అశోక్ పేరు రాశాను, టోక్యో ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క షాట్ తేడాతో పతకం చేజారిన అమ్మాయి అని. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి వచ్చినవే. నేను పుట్టింది రాజోలు దగ్గర. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు విశాఖపట్నంలో ఉన్నాం. మా అమ్మాయి అక్కడే తొమ్మిదో ఏట గోల్ఫ్ మొదలుపెట్టి పంతొమ్మిదో ఏడు వచ్చేదాకా జూనియర్, అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడే) టోర్నీలు ఆడింది. ఆ పదేళ్ళూ బ్యాగు మోసింది, టిఫిన్ బాక్సు కట్టింది, ఓడిన రోజు బస్సులో పక్కన కూర్చుంది నేనే. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఈ ఆటకే ఇచ్చేస్తున్నాను.

మేడమ్ గారూ, మా పాపకి పదకొండేళ్ళు. వేసవి సెలవుల్లో వైజాగ్‌లో మా చెల్లి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మరిది గారు గోల్ఫ్ క్లబ్బుకి తీసుకెళ్ళారు. అక్కడ కోచ్ పది బంతులు కొట్టించి, చేతిలో ఆట ఉందమ్మా అన్నారట. అప్పటినుంచి కర్ర పట్టుకుని పెరట్లో కొడుతూనే ఉంది. ప్రొఫెషనల్ అవుతానంటోంది. మా ఊళ్ళో గోల్ఫ్ అన్న మాటే ఎవరికీ తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక తల్లి, అమలాపురం

ముందుగా ఆ కోచ్ మాటని ఇష్టంగా వినండి, దాన్ని పట్టుకుని రేపే ఇల్లు మారిపోకండి. పదకొండేళ్ళ పిల్ల పది బంతులు కొడితే తెలిసేది ఒళ్ళు ఎంత సులువుగా తిరుగుతోంది, బంతి మీద చూపు నిలుస్తోందా అన్నంతవరకే. మిగిలినదంతా వచ్చే నాలుగైదేళ్ళు చెబుతాయి.

మీకు దగ్గర్లో ఉన్న పెద్ద కోర్సు విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు, 1884 నాటిది. అమలాపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. వారం వారం వెళ్ళిరావడం అందరివల్లా కాదు, చదువుకునే పిల్లకి మంచిది కూడా కాదు. నెలకొకసారి రెండు రోజులు కోచ్ దగ్గరికి వెళ్ళడం, మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఇంటి దగ్గర సాధన చేయడం, వేసవిలో మాత్రం పూర్తి నెల అక్కడే ఉండడం. మొదటి రెండేళ్ళకి ఇది చాలు. మీ చెల్లెలు అక్కడ ఉండటమే మీకు సగం బలం.

ఇక ఇంటి దగ్గర ఏం చేయాలి? గోల్ఫ్‌లో దూరం కొట్టే షాట్ చూడ్డానికి బావుంటుంది కానీ స్కోరు తయారయ్యేది గ్రీన్ దగ్గర, గ్రీన్ మీద. గ్రీన్ అంటే బంతి పడాల్సిన గుంట, అదే హోల్, దాని చుట్టూ కురచగా కత్తిరించిన గడ్డి. పార్ అంటే పద్దెనిమిది హోల్స్ పూర్తి చేయడానికి కోర్సుకి కట్టిన షాట్ల లెక్క, దానికంటే ఎంత తక్కువ కొడితే అంత మంచిది. పార్ 72 ఉన్న కోర్సులో లెక్క ప్రకారం సగం షాట్లు, అంటే 36, పటర్‌తోనే. పటర్ అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర. ఆ సాధనకి ఎకరాలు అక్కర్లేదు. పెరట్లో ఒక మూల గరిక పెంచండి, వినాయక చవితి పూజలో పెట్టే గరికే. ఇంగ్లీషులో బెర్ముడా గ్రాస్ అని పిలిచేది దాన్నే, వేడి ప్రాంతాల గోల్ఫ్ కోర్సుల్లో చాలాచోట్ల పరిచేది ఆ జాతి గడ్డే. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు చాలు. బాగా కురచగా కత్తిరించి, రోజూ నీళ్ళు చల్లి, ఏదైనా బరువైన డ్రమ్ము దొర్లించి చదును చేయండి. నాలుగుంపావు అంగుళాల వెడల్పున ఒక గుంట తీసి అందులో డబ్బా దించండి. అసలు గోల్ఫ్ హోల్ కొలత అదే, 108 మిల్లీమీటర్లు. మూడడుగుల దూరం నుంచి వరసగా యాభై బంతులు, ఒకటి తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. మా అమ్మాయి మొదట్లో ఏడుస్తూ చేసేది. ఆ ఏడుపులో నేర్చుకున్నదే పెద్ద టోర్నీల్లో ఆఖరి హోల్ దగ్గర అక్కరకొచ్చింది.

పెద్ద షాట్లకి రెండు కొబ్బరి చెట్ల మధ్య వల కట్టండి. చేపల చెరువుల వాళ్ళ దగ్గర పాత వలలు దొరుకుతాయి, రెండు మడతలు వేసి, దాని వెనక ధాన్యం మీద కప్పే బరకం వేలాడదీయండి. ఒట్టి వల ఒక్క మడత మాత్రం వేయకండి, గోల్ఫ్ బంతి దాదాపు 46 గ్రాముల బరువుతో రాయిలా వస్తుంది, కన్ను పోతుంది. కొడుతున్నప్పుడు చుట్టుపక్కల చిన్నపిల్లలు, దూడలు లేకుండా చూసుకోండి. కాళ్ళ కింద, బంతి కింద కొబ్బరి పీచు పట్టా మందంగా వేయండి, మట్టిలో కర్ర తగిలితే మణికట్టు బెణుకుతుంది. బంకర్ షాట్, అంటే కోర్సులోని ఇసుక గుంటలోంచి కొట్టే షాట్, నేర్చుకోవడానికి బెంగళూరు పిల్లలకంటే మీకే వసతి ఎక్కువ, లంకల్లో కావలసినంత ఇసుక. తడి ఇసుకలో ఒకరకంగా, పొడి ఇసుకలో ఇంకోరకంగా బంతి ఎగురుతుంది, ఆ తేడా పాప చేతికి తెలియాలి.

కర్రలు కొత్త సెట్టు కొనకండి. నియమం ప్రకారం బ్యాగులో 14 వరకు ఉండొచ్చు, పాపకి ఇప్పుడు ఐదు చాలు. ఎత్తు పెరిగే వయసు, ఏడాదిన్నరకోసారి మార్చాల్సి వస్తుంది. క్లబ్బులో పిల్లలు పెద్దవాళ్ళై వదిలేసిన సెట్లు సగం ధరకే దొరుకుతాయి, అడగడానికి మొహమాటపడకండి. పెద్దవాళ్ళ కర్రని కింద కోసి ఇవ్వడం మాత్రం వద్దు, బరువు, బిగువు పిల్లల ఒంటికి సరిపోవు, అదే అలవాటైతే తరవాత సరిదిద్దడం కష్టం.

అక్కా, నేను ఇంటర్ చదువుతున్నాను. అదితి అశోక్ గురించి మీరు ఒక్క లైనులో చెప్పి వదిలేశారు. ఆమె అంత చిన్న వయసులో అంత దూరం ఎలా వెళ్ళింది? వాళ్ళ నాన్నగారు గోల్ఫర్ కాబట్టేనా? మొదటినుంచి చెప్పండి అక్కా, ప్లీజ్.
ఒక విద్యార్థిని, భీమవరం

మొదటినుంచే చెబుతానమ్మా, కాస్త ఓపిగ్గా చదువు.

వాళ్ళ నాన్న గోల్ఫర్ కారు, అమ్మా కారు. అదితి పుట్టింది 1998 మార్చి 29న, బెంగళూరులో. ఐదున్నరేళ్ళప్పుడు కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు పక్కనున్న రెస్టారెంట్లో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేస్తుంటే, అవతల జనం బంతులు కొట్టడం కనిపించి, అదేంటో చూద్దామంది. అంతే. పాపతోపాటు అమ్మానాన్నలు కూడా ఆట నేర్చుకున్నారు. ఇది నాకెంత నచ్చుతుందో చెప్పలేను. పిల్లని వదిలేసి కారులో కూర్చోలేదు, తెచ్చి రుద్దనూ లేదు, పక్కన నిలబడి తామూ నేర్చుకున్నారు.

ఇక మెట్లు చూడు. ముందు రాష్ట్ర స్థాయి, ప్రాంతీయ స్థాయి జూనియర్ టోర్నీలు, తరవాత జాతీయ జూనియర్. 2013లో ఆసియా యూత్ గేమ్స్. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్, అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడలు. జూనియర్లలో గెలుస్తున్నా అక్కడే ఆగకుండా, తనకంటే పెద్దవాళ్ళున్న అమెచ్యూర్ టోర్నీల్లోనూ ఆడింది. 2015లో స్కాట్లండ్‌లో సెయింట్ రూల్ ట్రోఫీ, ఆ ఏడే బ్రిటిష్ మహిళల ఓపెన్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే ఛాంపియన్‌షిప్, రెండూ గెలిచింది. మన ఎండలో, మన గడ్డి మీద పెరిగిన పిల్ల, సముద్రపు గాలి చెవులు వణికించే కోర్సుల మీద వెళ్ళి గెలవడమంటే మాటలు కాదు. అక్కడ బంతిని ఆకాశంలోకి లేపితే గాలి ఎత్తుకుపోతుంది, నేలకి దగ్గరగా కొట్టడం రావాలి. ఇవన్నీ ఒక్క రూపాయి ప్రైజ్ మనీ లేని ఆటలు, గుర్తుపెట్టుకో.

2015 డిసెంబరులో మొరాకోలో యూరప్ మహిళల టూర్‌కి అర్హత పోటీ జరిగింది. టూర్ అంటే ఏడాది పొడవునా వరసగా జరిగే ప్రొఫెషనల్ టోర్నీలు. టూర్ స్కూల్ అంటారు, పేరు స్కూలే కానీ పాఠాలుండవు, వరసగా కొన్ని రోజులు ఆడి పైన నిలిచినవాళ్ళకి టూర్‌లో ఆడే కార్డు ఇస్తారు. పదిహేడేళ్ళ అదితి అందులో ఏకంగా మొదటి స్థానం తెచ్చుకుంది, అప్పటిదాకా దాన్ని గెలిచిన వాళ్ళందరిలోకీ చిన్నది. 2016 జనవరి 1న ప్రొఫెషనల్ అయింది. అదే ఏడాది పన్నెండో తరగతి కూడా పూర్తి చేసింది. నువ్వు ఇంటర్ చదువుతున్నావు కాబట్టి ఇది నీకోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ ఆగస్టులో రియో ఒలింపిక్స్. నాన్న బ్యాగు మోశారు. మొదటి రెండు రోజులు 68, 68 కొట్టి ముందు వరసలో ఉంది, దేశమంతా రాత్రుళ్ళు టీవీల ముందు కూర్చుంది. తరవాతి రెండు రోజులు ఆట జారిపోయి 41వ స్థానంలో ఆగింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మూడు నెలలు తిరగకముందే గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచింది, యూరప్ మహిళల టూర్‌లో టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే. ఆ వెంటనే ఖతార్‌లో ఇంకొకటి. ఆ ఏడాది టూర్‌లో ఉత్తమ కొత్త క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే. 2017 నుంచి అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏ.

టోక్యో సంగతి అందరికీ తెలుసనుకుంటాం కానీ అంకెలు చూస్తే గానీ దాని బరువు తెలీదు. ప్రపంచ ర్యాంకు 200. అంతకుముందు కొన్ని వారాల క్రితమే కోవిడ్ వచ్చి తగ్గింది, ఒంట్లో బలం పూర్తిగా రాలేదు, డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పెద్ద షాట్) దూరం తగ్గిపోయింది. అమ్మ బ్యాగు మోశారు. 67, 66, 68, 68. మొత్తం 269, పార్ కంటే 15 తక్కువ. స్వర్ణం గెలిచిన నెల్లీ కోర్డా 17 తక్కువ, రజతం కోసం తలపడిన మోనె ఇనామి, లిడియా కో 16 తక్కువ. అదితి నాలుగో స్థానం. నాలుగు రోజుల ఆటలో ఒక్కటంటే ఒక్క షాట్! ఆ శనివారం పొద్దున్నే మా ఇంట్లో ముగ్గురం టీవీ ముందు నిలబడే ఉన్నాం, కూర్చోబుద్ధి కాలేదు. ఆఖరి హోల్‌లో బర్డీ (ఆ హోల్ పార్ కంటే ఒకటి తక్కువ) కోసం కొట్టిన బంతి హోల్ పక్కనుంచి వెళ్ళిపోయినప్పుడు మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కథ అక్కడితో ఆగలేదు, అందుకే ఈ అమ్మాయంటే నాకంత గౌరవం. 2023లో కెన్యాలో ఒక టైటిల్, స్పెయిన్‌లో ఒక టైటిల్. మధ్యలో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆఖరి రోజుకి ఏడు షాట్ల ఆధిక్యంతో వెళ్ళి, ఆ రోజు 77 కొట్టి స్వర్ణం పోగొట్టుకుని రజతం తెచ్చింది. ఆసియా క్రీడల్లో మన దేశపు మహిళా గోల్ఫర్‌కి వచ్చిన మొదటి పతకం అది. ఏడు షాట్లు పోయిన బాధ ఎంతుంటుందో ఆడినవాళ్ళకే తెలుసు. ఆ తరవాత రెండు నెలలైనా కాకుండానే స్పెయిన్‌లో గెలిచింది చూడు!

మేడమ్, మా అమ్మాయికి పదిహేనేళ్ళు, హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుతూ గోల్ఫ్ ఆడుతోంది. హ్యాండిక్యాప్ 6. ఖర్చు తట్టుకోలేకపోతున్నాం, ఇప్పటికే ఒక ఎకరం అమ్మాం. వెంటనే ప్రొఫెషనల్ చేసేస్తే ప్రైజ్ మనీ వస్తుంది కదా అని మా తమ్ముడి సలహా. మీరేమంటారు?
ఒక తండ్రి, మండపేట

వద్దండి. ఇప్పుడే వద్దు.

ఎందుకో చెబుతాను. హ్యాండిక్యాప్ 6 అంటే పార్ 72 కోర్సులో బాగా ఆడిన రోజు దాదాపు 78 కొడుతోందన్నమాట. పదిహేనేళ్ళకి అది చాలా మంచి ఆట, మీరు గర్వపడాలి. కానీ ప్రొఫెషనల్ టోర్నీల్లో గెలిచేవాళ్ళు సున్నాని దాటి అవతల ఉంటారు, అంటే పార్ కంటే తక్కువే కొడతారు, దాన్ని ప్లస్ హ్యాండిక్యాప్ అంటారు. మీ అమ్మాయి రోజుకి 78 కొడితే కట్ దాటడం కష్టం. కట్ అంటే మొదటి రోజుల ఆట అయ్యాక కింద ఉన్నవాళ్ళని ఇంటికి పంపేసే గీత. ఆ గీత దాటనివాళ్ళకి మామూలుగా రూపాయి రాదు. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, హోటలు, క్యాడీ (బ్యాగు మోసే మనిషి) కూలి మాత్రం మీ జేబులోంచే. అంటే ప్రొఫెషనల్ అయితే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. రెండో ఎకరం పోతుంది.

ఇంకో పక్క, అమెచ్యూర్‌గా ఉన్నప్పుడే తెరుచుకుని ఉండే తలుపులు కొన్ని ఉన్నాయి, ప్రొఫెషనల్ అయిన రోజు అవి మూసుకుపోతాయి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జూనియర్, అమెచ్యూర్ టోర్నీలు, దేశం తరఫున అమెచ్యూర్ జట్టులో చోటు, 2018లో మొదలైన ఆసియా పసిఫిక్ మహిళల అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్, అన్నిటికంటే ముఖ్యంగా అమెరికా యూనివర్సిటీల గోల్ఫ్ స్కాలర్‌షిప్పులు. అమెరికా అమ్మాయి రోజ్ జాంగ్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టుకి ఆడి, 2023లో ప్రొఫెషనల్ అయ్యి, ఆడిన మొదటి టోర్నీయే గెలిచింది. చదువు, ఆట రెండూ యూనివర్సిటీ ఖర్చుతో సాగే దారి అది. పదో తరగతి, ఇంటర్ మార్కులు కూడా చూస్తారు కాబట్టి హాస్టల్లో చదువు వదిలేయకుండా చూడండి.

డబ్బు గురించి మీకు పనికొచ్చే మాట ఒకటుంది. 2022 జనవరి నుంచి అమెచ్యూర్ నియమాలు మారాయి. ఇదివరకు అమెచ్యూర్ ఆటగాళ్ళు స్పాన్సర్ దగ్గర డబ్బు తీసుకోకూడదు, ప్రకటనల్లో కనిపించకూడదు. ఇప్పుడు తీసుకోవచ్చు, అమెచ్యూర్ హోదా పోదు. ప్రైజ్ విషయంలో మాత్రం 1000 డాలర్ల పరిమితి ఉంది, అది దాటకూడదు. కాబట్టి మీ ఊళ్ళో రైస్ మిల్లు వాళ్ళో, ఆక్వా వాళ్ళో, విదేశాల్లో ఉన్న మన జిల్లా వాళ్ళో ప్రయాణ ఖర్చులిస్తామంటే నిరభ్యంతరంగా తీసుకోండి, లెక్క రాసి పెట్టండి. ఏ సందేహమున్నా డబ్బు చేతికి తీసుకోకముందే ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌కి రాసి అడగండి.

మన దేశంలో మహిళల ప్రొఫెషనల్ టూర్ ఉంది, దాని టోర్నీల్లో అమెచ్యూర్ అమ్మాయిలు కూడా ఆడొచ్చు. గెలిచినా సరే ప్రైజ్ మనీ తన తరవాతి స్థానంలో ఉన్న ప్రొఫెషనల్‌కి వెళ్ళిపోతుంది. అన్యాయంలా కనిపిస్తుంది కానీ అదే మీ అమ్మాయికి పరీక్ష. లిడియా కో 2012లో పదిహేనేళ్ళ అమెచ్యూర్‌గా కెనడా ఓపెన్ గెలిచింది, మూడు లక్షల డాలర్ల చెక్కు రెండో స్థానంలో వచ్చిన ఆమెకి వెళ్ళింది. మరుసటి ఏడాది మళ్ళీ అదే టోర్నీ అమెచ్యూర్‌గానే గెలిచి, ఆ తరవాతే ప్రొఫెషనల్ అయింది. ఆ అమ్మాయే పదిహేడేళ్ళకి ప్రపంచ నంబర్ వన్. మీ అమ్మాయి ప్రొఫెషనల్స్ మధ్య మూడు నాలుగు టోర్నీలు ఆడి, వరసగా కట్ దాటుతూ మొదటి పదిమందిలో ఉంటుంటే అప్పుడు మాట్లాడుకుందాం. మీ తమ్ముడు గారికి కూడా ఇదే వినిపించండి, ఆయన చెడు కోరి చెప్పలేదు, లెక్క తెలియక చెప్పారు.

ఇంకొకటి, ఇది నా సొంత దెబ్బ. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు ఒక అకాడమీ, రెండేళ్ళలో ప్రొఫెషనల్‌ని చేస్తామని ఏడాది ఫీజు ముందే కట్టించుకుంది. మూడో నెలకి కోచ్ వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చి గ్రిప్ (కర్ర పట్టుకునే తీరు) దగ్గర్నుంచి మొత్తం మార్చేశాడు, పిల్ల ఆరు నెలలు బంతి తిన్నగా కొట్టలేకపోయింది. డబ్బు తిరిగి రాలేదు. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ, నా ఆట పోయిందమ్మా అని అది ఏడ్చిన రోజు మాత్రం మర్చిపోలేను. నెల నెలా కట్టండి, ఏడాదికి ఒకేసారి కట్టమంటే ఇంకో చోటు చూడండి.

మా మనవరాలు సన్నగా, పొట్టిగా ఉంటుంది. టీవీలో చూస్తే ఆ దేశాల అమ్మాయిలు బంతిని అంత దూరం కొడుతున్నారు. ఇలాంటి పిల్లకి ఈ ఆట సరిపోతుందా?
ఒక రిటైర్డ్ టీచర్, కాకినాడ

సరిపోతుంది మాస్టారూ. టోక్యోలో అదితి డ్రైవ్ నెల్లీ కోర్డా డ్రైవ్ కంటే ఎన్నోసార్లు యాభై గజాలు వెనకే పడింది. అవతలి అమ్మాయి చిన్న ఐరన్ అనే కర్రతో గ్రీన్ మీదికి కొడితే, ఈమె దూరం కొట్టే హైబ్రిడ్ అనే పొడుగాటి కర్రతో కొట్టేది. ఆ తరవాత పటర్‌తో మొత్తం సమం చేసేది. అయితే బలం అవసరం లేదని మాత్రం అనను, ఇప్పటి కోర్సులు పొడుగవుతున్నాయి. మనవరాలికి పరుగు, తాడాట, ఈత నేర్పండి. నడుము, తొడలు గట్టిపడితే దూరం దానంతటదే వస్తుంది. పదహారేళ్ళు రాకముందే పెద్ద బరువులు ఎత్తించే వాళ్ళ దగ్గరికి పంపకండి.

అమ్మాయ్, నా పేరు వేయకు. మా కోడలు పిల్లదాన్ని ఎండలో ఆ ఆటకి తిప్పుతోంది. నల్లబడిపోయింది. రేపు పెళ్ళెలా అవుతుంది? డబ్బున్నవాళ్ళ ఆటలు మనకెందుకు?
ఒక బామ్మ, పాలకొల్లు

బామ్మగారూ, మీ పేరు వేయలేదు. మీరు మనవరాలి మీద ప్రేమతోనే రాశారని నాకు తెలుసు, మా అత్తగారు కూడా ఇదే మాట అనేవారు.

పద్దెనిమిది హోల్స్ ఆడటానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక. ఎండ నిజమే. పొద్దున్న ఆరింటికల్లా మొదలుపెట్టించండి, పొడుగు చేతుల చొక్కా, టోపీ, గొడుగు, సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. మజ్జిగ మీ చేత్తో మీరే చేసివ్వండి, పిల్ల ఎంత మురిసిపోతుందో చూడండి. రంగు గురించి మాత్రం దాని ముందు ఎప్పుడూ అనకండి, దయచేసి. మా అమ్మాయి పదమూడేళ్ళప్పుడు బంధువుల పెళ్ళిలో ఎవరో ఇలాగే అంటే, వారం రోజులు కోర్సుకి వెళ్ళనని మంచమెక్కింది. మన ఇళ్ళల్లో ఆడపిల్లల ఆటలు ఎక్కువ ఆగిపోయేది డబ్బు దగ్గర కాదు, ఈ మాట దగ్గరే. నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే ఎండలో ఉంటారు, వాళ్ళని చూసి మనం ఈ మాట అనం కదా.

డబ్బున్నవాళ్ళ ఆట అన్నారు, అందులో అబద్ధం లేదు. సభ్యత్వాలు ఖరీదే. కానీ జూనియర్లకి చాలా క్లబ్బుల్లో వేరే రుసుములుంటాయి, తక్కువగా. క్యాడీల పిల్లలు ఆడి ప్రొఫెషనల్స్ అయిన దేశం మనది.

మా పాపకి పుట్టుకతోనే వినికిడి తక్కువ. మెషీన్ పెట్టుకుంటే కొంత వినిపిస్తుంది. ఆటల్లో పెట్టాలని ఉంది, జట్టు ఆటల్లో పిల్లలు కలవనివ్వడం లేదు. గోల్ఫ్ పనికొస్తుందా?
ఒక తల్లి, యానాం

తప్పకుండా పనికొస్తుంది. దీక్షా డాగర్ పేరు రాసిపెట్టుకోండి. హర్యానా అమ్మాయి, పుట్టుకతో వినికిడి లోపం, ఎడమచేతి వాటం. నాన్నగారు సైన్యంలో అధికారి, ఆయనే ఆట నేర్పారు. 2017లో డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ళ ఒలింపిక్స్) గోల్ఫ్‌ని మొదటిసారి చేర్చినప్పుడు రజతం, 2022లో బ్రెజిల్‌లో జరిగినప్పుడు స్వర్ణం. ఆమె పోటీ వినికిడి లోపం ఉన్నవాళ్ళతోనే కాదు. 2019లో పద్దెనిమిదేళ్ళకే సౌతాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది, 2023లో చెక్ రిపబ్లిక్‌లో ఇంకో టైటిల్, టోక్యో ఒలింపిక్స్‌లోనూ ఆడింది.

ఈ ఆటలో విజిల్ లేదు, అరుపు లేదు, బంతి మీ పాప కొట్టేదాకా కదలదు. ఒక్క జాగ్రత్త: దూరం నుంచి వచ్చే బంతి గురించి "ఫోర్!" అని అరుస్తారు, అది పాపకి వినిపించకపోవచ్చు. కాబట్టి కోర్సు మీద ఎప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాలి. తనతో ఆడేవాళ్ళకి ముందే చెప్పండి, దాచకండి.

జూనియర్ టోర్నీకి మొదటిసారి వెళుతున్నాం. ముఖ్యంగా ఏం చూసుకోవాలి?
ఒక తండ్రి, తణుకు

ఇండియన్ గోల్ఫ్ యూనియన్ టోర్నీలు వయసు విభాగాల ప్రకారం ఉంటాయి. కొత్తవాళ్ళ కోసం ఫీడర్ టోర్నీలున్నాయి, ముందు వాటిలో ఆడించండి. పుట్టినతేదీ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. ముందురోజు వెళ్ళి కోర్సు అంతా ఒకసారి నడిపించండి. ఆట జరుగుతున్నప్పుడు మీరు దూరంగా నడవండి, సైగలు కూడా చేయకండి, ఏ కర్ర తీయాలో చెప్పినా పిల్లకి పెనాల్టీ పడొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం స్కోరు కార్డు. ఈ ఆటలో మన స్కోరు మనతో ఆడే పిల్ల రాస్తుంది, చివర్లో మనం చూసుకుని సంతకం పెట్టాలి. మా అమ్మాయి పన్నెండో ఏట ఒక టోర్నీలో ఏడో హోల్‌లో 6 కొట్టింది. పక్కపిల్ల పొరపాటున 5 రాసింది, మా అమ్మాయి చూసుకోకుండా సంతకం పెట్టేసింది. బస్సెక్కబోతూ లెక్కపెట్టుకుని, అమ్మా, ఒకటి తక్కువ రాశాం అంది. రెండో స్థానం వచ్చిన రోజు అది. ఇద్దరం వెనక్కి వెళ్ళి రిఫరీకి చెప్పాం, డిస్‌క్వాలిఫై చేశారు. ఆయన కార్డు మీద గీత కొట్టి, పిల్ల తల మీద చెయ్యి వేసి, మళ్ళీ నెల రా అమ్మా అన్నారు. వెళ్ళింది. ప్రతి హోల్ దగ్గరా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ ఆడింది. మీ పాపకి పెన్సిల్ రెండు ఇవ్వండి, ఒకటి పోతుంది.